వంగిన వేలికి ఎంతమంది వైద్యులో

"తాతా, మా నాయిన వేలు సుత నీ లెక్కనే లోపలికి వంగుతాంది. పరకాల దిక్కు ఎవలో గుంజి సక్కగ చేత్తరట, ఆడికి పోత అంటాండు. పోవచ్చునా?"

పోవద్దు. ముందుగాల ఆ మాట ఫోన్ల ఎక్కనియ్. రికార్డు అయితాంది గదా? మంచిది, ఇంటికి పోయి మీ నాయినకు ఇనిపియ్యి. ఎదురుంగ చెప్తె ఇనడు. నా తమ్ముని కొడుకు గదా, ఇనుడు మా ఇంట్ల ఎవలకూ లేదు.

నాది సుత గట్లనే మొదలైంది. హన్మకొండల నలభై ఏండ్లు బట్టలు కుట్టిన, నీకెరుకనే. ప్యాంటు కుడితె పన్నెండు రూపాయలు... కాదు కాదు, మొదట్ల ఎనిమిదే, పన్నెండు తర్వాత అయింది. ఇగ ఒగనాడు కుడి అరచేతిల, ఉంగరపు వేలు కింద, శెనగగింజంత గడ్డ చేతికి తాకింది. నొప్పి లేదు. కత్తెర వట్టి వట్టి కాయ కాసిందనుకున్న. రెండేండ్లకు అది తాడు లెక్క సాగి వేలును లోపలికి గుంజింది. మొకం కడుక్కుంటాంటె వేలు కంట్ల పొడిసేది. జేబుల చెయ్యి వెడితె ఇగ బయటికి రాకపోయేది.

మా నాయినకు సుత ఉండె ఇది. ఊరోళ్లు ఆయనను పిసినిగొట్టు, పిడికిలి ఇప్పడు అని నవ్వేటోళ్లు. ఇంట్ల ఉన్నదంత ఊరికే పంచిండు ఆయన. ఊరి నోటికి అదేం ఫికర్.

ఏడున్న... ఆఁ, సలహాలు. నెక్కొండ నుంచి మా బావమర్ది దిగిండు. ఆయనకు తెల్వని రోగం లేదు, తనకు పన్ను నొత్తె మాత్రం వాడంత లేపుతడు. ఆముదం రాయుమన్నడు. నెల దినాలు రాసిన. గుడ్డలకు మరకలు వడ్డయి, గిరాకులు తిట్టిన్లు, వేలు మాత్రం ఉన్నకాడనే ఉంది. ఇగ పరకాల దిక్కు తోలుకపోయిండు. ఆడ ఒగాయిన విరిగిన ఎముకలకు కట్టు కడ్తడు. నా అరచెయ్యి సక్కగ చూడను సుత చూడలె. "నరం వట్టింది" అన్నడు, వేలు వట్టి ఒక్క గుంజు గుంజిండు. నా కండ్లకు చీకట్లచ్చినయ్. వెదురు బద్ద వెట్టి కట్టిండు. వారానికి ఇప్పితె చెయ్యి బూరె లెక్క పొంగింది, వేలు ఇంకింత వంగింది. అప్పుడు బావమర్ది ఏమన్నడో తెల్సా? "నువ్వు పత్యం సక్కగ చెయ్యలె బావా" అన్నడు. గసోంటోడు ఆయన.

ఆ వాపు తగ్గేదాంక కత్తిరిచ్చుడు మా ఇంట్లామె రాజవ్వే చేసింది. నేను పక్కన కూసోని, అది ప్యాంటా, గోనెసంచా అని ఎక్కిరిచ్చిన. గిరాకి వచ్చి ఏసుకొని, "ఈపారి నడుము కాడ మంచిగ కూసుంది" అన్నడు. నేను మాట మార్చిన.

తర్వాత అద్దాల మేడల ఉన్న పెద్ద దవాఖానకు పోయిన. లోపటి డాక్టరు నా దిక్కు చూసుడే లేదు, కంప్యూటర్ చూసుకుంట "రేపు అడ్మిట్ గాండ్రి, కోసేద్దాం" అన్నడు. అరికాల్ల సుత గడ్డ ఉంది, మిషిని తొక్కుతాంటె ఒత్తుతాంది అన్న. "అది సుత కోసేద్దాం." బెండకాయలనుకున్నడో ఏమో. చెప్పులేసుకొని వచ్చిన.

రాజవ్వ ఎన్నటి సందో చెప్తాంది, స్టేషన్ రోడ్డుల చేతుల రోగాలు చూసే డాక్టరమ్మ ఉందని. నేను ఆమె మాట ఎప్పుడన్న ఇన్ననా? ఆఖరుకు రెక్క వట్టి తోలుకపోయింది. డాక్టరమ్మ నా చెయ్యి బల్ల మీద బోర్ల వెట్టుమన్నది. అరచెయ్యి బల్లకు ఆనలె. "ఇది నరం కాదు, తోలు కింది పొర గట్టివడి తాడైంది. కేన్సర్ కాదు, భయపడకుండ్రి. నూనెకు కరగది, గుంజితె పోదు. మీకు ఏం పని ఆగింది?" అన్నది. అన్ని దినాలల్ల ఆ మాట అడిగినామె ఆమె ఒక్కతె.

కత్తెర కన్నంల వేలు దూరుత లేదన్న. అప్పుడు ఇప్పి చెప్పింది. సూదితోని తాడు తెంపొచ్చు, జల్ది పనిల వడ్తవు, గాని కొన్నేండ్లకు మల్ల రావచ్చు. కోసి తీత్తె ఎక్కువ కాలం ఆగుతది, గాని మానుడు ఆలస్యం, నెలలు కసరత్తు చెయ్యాలె, ఒక్కోపారి వేలు తిమ్మిరైతది. కాలుది మాత్రం కోపిచ్చుకోకు, గడ్డ మీద బరువు వడకుంట మెత్తటి చెప్పులు ఏసుకో అన్నది.

సూదే అన్న. చెయ్యి మొద్దువార్చి, సూదితోని పొడిసి పొడిసి, వేలు మెల్లగ సాపింది. టక్కున తెగింది, నాకు ఇనవడ్డది. ఇంటికచ్చి దేవునికి దండం వెడితె అరచేతులు రెండు ఆనినయ్. జర ఏడుపచ్చింది. అది మీ నాయినకు ఇనిపియ్యకు.

ఐదేండ్లు మంచిగుంది. ఇప్పుడు చిటికెన వేలు మొదలువెట్టింది, చూడు. డాక్టరమ్మ మల్ల అన్నీ చెప్పి, ఏది కావాల్నో మీరే చెప్పుండ్రి అన్నది. ఆలోచించిన. గుండీలు కుడుతాన, బువ్వ తింటాన, చాయ్ గిలాస వడ్తాన. వంగనియ్ అన్న. మీ నాయిన సంగతి వేరే, వాడు ఆటో తోల్తడు, పట్టు కావాలె. డాక్టరమ్మ కాడికి నువ్వు ఎంట పో. ఏది చేత్తె ఏమైతదో, ఏది చెయ్యకుంటె ఏమైతదో నువ్వే అడుగు, వాడు నోరు తెరువడు.

ఇది మా ఇంట్ల నెత్తురుల ఉందట బిడ్డా, డాక్టరమ్మ అన్నది. ఏదీ, నీ చెయ్యి ఇటు తే. సాపు. ఇంకింత సాపు. ఆఁ... మంచిగున్నయ్, అన్ని వేళ్లు మంచిగున్నయ్. నూరేండ్లు గిట్లనే సల్లగ ఉండాలె తల్లీ... గిట్లనే...