అధిక మాసం ఎవరి వంతు

వైశాఖ అమావాస్య వెళ్ళిన మర్నాడు, పొద్దున తొమ్మిది దాటింది. భీమవరం దగ్గరి ఒక ఊళ్ళో, బుచ్చిరాజు ఇంటి పోర్టికోలో కారు ఆగి అరగంటయింది. వెనక సీట్లో హైమ అలాగే కూర్చుని ఉంది. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి కనుక ఒకరు ఎత్తితే తప్ప దిగలేదు. తీసుకొచ్చిన తమ్ముడు ఆదిత్య, దించుకోవలసిన అన్న బుచ్చిరాజు లోపల పంచాంగం ముందు కూర్చున్నారు. కారు తలుపు దగ్గర వదిన జానకీదేవి మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడింది.

"తాగమ్మా హైమా. అప్పుడే ఎండ ఎలా కాస్తుందో చూడు."

"వద్దండి."

"ఒక్క గుక్క. పొద్దున్నుంచీ ఏమన్నా తాగావా అసలు?"

"ఇల్లు మారే రోజున నేను నీళ్ళు ముట్టనండి వదినగారూ. మీకు తెలుసు కదా."

"తెలుసులే. ఇది మజ్జిగే కదా."

"మజ్జిగైనా తర్వాత బాత్రూముకే కదండి వెళ్ళాలి. ఎవరి బాత్రూమో ముందు తేలనివ్వండి."

"తేలుతుందిలే. పంతులుగారికి ఫోన్ చేస్తున్నారు."

"ఏమంటున్నారండి లోపల?"

"ఏముంది. నీకు తెలీనిదా. వైశాఖం ఆదిత్యది, అయిపోయింది. జ్యేష్ఠం మీ అన్నయ్యగారిది. ఈ ఏడు జ్యేష్ఠాలు రెండొచ్చి చచ్చాయి. మొదటిది అధికం, ఇది లెక్కలోకి రాదు, నా వంతు నెల తర్వాత వచ్చే నిజ జ్యేష్ఠం అంటారు ఆయన. జ్యేష్ఠం అన్న పేరుంది కాబట్టి రెండూ నీవే అన్నయ్యా అంటాడు ఆదిత్య."

"లెక్కలోకి రాని నెలలో నాకు ఆకలి వేస్తుందా అండి?"

"వెటకారం చెయ్యకు. ఆ రోజు పెద్దవాళ్ళకే తట్టలేదు. అత్తయ్యగారి పెదకర్మ నాడు కూర్చుని, చైత్రం పెద్దవాడికి, వైశాఖం చిన్నవాడికి అంటూ వరసగా చెప్పేసి భోజనాలకి లేచిపోయారు. ఇంగ్లీషు నెలలు పెట్టి ఉంటే ఈ తంటా లేకపోను."

"అమ్మ మాసికాలు తిథుల లెక్కన పెట్టాలి కదండి. పనిలో పని, నన్నూ అందులో కలిపేశారు."

"అవేం మాటలు."

"నేను అక్కడే ఉన్నానండి, చాప మీద. వడ్డనకి అడ్డమొస్తున్నానని నన్ను గోడవారకి జరిపారు. నువ్వెక్కడ ఉంటావమ్మా అని ఒక్కరన్నా అడుగుతారేమోనని చూశాను."

"అడిగితే ఏం చెప్పేదానివి?"

"అప్పటికి నాకూ తెలీదులెండి."

"మీ అన్నయ్యగారి మీద కోపం పెట్టుకోకు. మలమాసంలో కొత్త పనులేవీ మొదలుపెట్టకూడదని పంతులుగారే అన్నారట."

"నేను కొత్త పనా అండి? నలభై అయిదేళ్ళ నుంచీ ఉన్నాను."

"అని కాదు. ఆయన ఉద్దేశం..."

"కింద గదిలో ఏసీ బాగు చేయించారటగా."

"ఎవరు చెప్పారు?"

"ఆదిత్య. పరుపు కూడా కొత్తదట."

"అదా. అది ఊరికే. పాతది గుంటలు పడిందని."

"గుంట నాదేనండి. రెండేళ్ళు పడుకున్నాను కదా నెల మార్చి నెల. ఇప్పుడు కొత్త పరుపు ఎవరికండి?"

"మా అమ్మాయి పావని, అల్లుడు వస్తున్నారు. అధిక మాసంలో అల్లుడికి ముప్పైమూడు బూరెలు దానం ఇవ్వాలి కదా. పెళ్ళయ్యాక ఇదే మొదటి అధికం."

"ముప్పైమూడు బూరెలు తినడానికి నెలంతా పడుతుందా అండి?"

"పదిహేను రోజులు ఉంటాడట. ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకుంటాడట. అల్లుణ్ణి పైకి పంపండి, హైమకి కింద గది తప్పదు అని నేను చెప్పాను. నిజం, ఒట్టు. పైన నెట్టు సరిగ్గా రాదన్నారు ఆయన."

"అయితే గొడవ పంచాంగంలో లేదన్నమాట."

"పదిహేను రోజులేనమ్మా."

"నన్ను పైకి పంపొచ్చు కదండి. నెట్టు రాకపోయినా సర్దుకుంటాను."

"అదుగో, మళ్ళీ."

"వెటకారం కాదండి. ఈ ఇల్లు కట్టేటప్పుడు అన్నయ్యగారిని ఒకటే అడిగాను. ఈ పోర్టికోలోకి కారు ఎక్కడానికి నున్నగా ఏటవాలు పోశారు. కారు దిగాక అయిదు మెట్లు పెట్టారు. ఆ మెట్ల పక్కనే ఇంకో నాలుగడుగులు ఏటవాలు పోయించండి, బాత్రూము తలుపు కాస్త వెడల్పు పెట్టించండి, నా చక్రాల కుర్చీ నేనే తోసుకుంటాను అన్నాను. నా చేతులు బాగానే ఉన్నాయి కదండి."

"వాస్తు ఆయన ఒప్పుకోలేదు."

"కారుకి ఒప్పుకున్నాడండి. ఆదిత్య ఇంట్లో ఇంకా నయం. మెట్లు లేవు. మరదలు సుప్రియ పొద్దున్నే నాకు డైపరు కట్టి ఆఫీసుకి వెళ్ళిపోతుంది."

"డైపరా? నీకెందుకు? నీకు తెలుస్తుంది కదా."

"తెలుస్తుందండి. తెలిసినా సాయంత్రం దాకా తీసుకెళ్ళేవాళ్ళు లేరు. అది కట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకోమంది. మంచి పిల్లే. మెత్తగానే చెప్పింది."

"నాతో ఒక్క ముక్క అనలేదేంటి నువ్వు?"

"అంటే ఏం చేస్తారండి? ఆ నెల మీది కాదు. వదినగారూ, సామాన్ల గదిలో నా మడత కుర్చీ, చక్రాలది, ఉండాలి. బయట పెట్టిస్తారా?"

"ఇప్పుడెందుకు? తేలాక చూద్దాం."

"వ్యాన్ వస్తోందండి. పెనుగొండ దాటానని డ్రైవరు ఇందాకే ఫోన్ చేశాడు."

"ఏ వ్యాన్?"

"రామచంద్రపురం నుంచి. అక్కడ కృపారాణి గారని టీచరు ఉన్నారు. ఆవిడ చంకకర్రలతో నడుస్తారు. నాలాంటి ఇంకో ఇద్దరితో కలిసి ఇల్లు అద్దెకి తీసుకున్నారు. మంచం కుర్చీ ఎత్తులోనే ఉంటుంది, పక్కకి జరిగితే చాలు. బాత్రూములో గోడకి కడ్డీలు. వంటకీ, పట్టుకోవడానికీ సారికని ఒకమ్మాయిని పెట్టుకున్నారు. ఫోన్‌లో ఇల్లంతా తిప్పి చూపించారు నాకు."

"ఎప్పటి నుంచి ఇది?"

"ఉగాది వెళ్ళాక మొదలుపెట్టానండి వెతకడం."

"మీ అన్నయ్యగారికి తెలుసా?"

"ఎవరి నెలలో చెప్పమంటారు?"

"పిచ్చిగానీ పట్టిందా హైమా. రాజుల ఇంటి ఆడపిల్ల ఎక్కడో అద్దె ఇంట్లో ఎవరెవరితోనో ఉందంటే ఊళ్ళో మేము తలెత్తుకు తిరగొద్దా? ఆవిడ పేరు చూస్తే మనవాళ్ళు కూడా కాదు."

"కడ్డీ పట్టుకుని లేచేటప్పుడు ఎవరివాళ్ళో గుర్తుకు రాదండి."

"రేపు పావని అత్తవారు అడిగితే? మీ ఆడబిడ్డని హోములో పడేశారట కదా అంటే నేనేం చెప్పను?"

"హోము కాదండి, ఇల్లు. మీరు పడెయ్యలేదు, నేనే వెళ్ళాననండి."

"నమ్ముతారా ఎవరైనా? నేనే వెళ్ళగొట్టానంటారు. ఆడబిడ్డకి ముద్ద పెట్టలేకపోయిందంటారు. మగాళ్ళని ఎవరూ ఏమీ అనరు. రెండేళ్ళ నుంచీ ఎవరు ఎత్తారు నిన్ను? వంతు మీ అన్నయ్యగారిది. ఎత్తేది నేను. నాకు యాభై ఎనిమిదేళ్ళు. నడుములో పూస జరిగింది, బరువులెత్తొద్దని డాక్టరు చెప్పి ఏడాదైంది. నీకు తెలుసా ఆ సంగతి?"

"మందుల చీటీ చూశానండి."

"మనిషిని పెట్టండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. మన ఆడపిల్లని బయటిమనిషి తాకడమేంటి అన్నారు. ఇంకేం మాట్లాడను?"

"ఆయన మాత్రం ఒక్కసారీ తాకలేదు లెండి. అమ్మ పోయిన రోజున తల మీద చెయ్యి వేశారు, అంతే."

"ఇంత చేస్తే ఇవాళ నాతో కూడా చెప్పకుండా వ్యాన్ పిలిపించుకున్నావు."

"మీ ఒక్కరితోనే చెప్పానండి."

"వద్దు. నేను ఒప్పుకోను. అల్లుడి సంగతి నేను చూసుకుంటాను. వాళ్ళని పైకి పంపుతాను. నెట్టు రాకపోతే మానేస్తాడు."

"తర్వాత ఆషాఢం, శ్రావణం. మళ్ళీ మూడేళ్ళకి ఇంకో అధికం."

"అప్పటికి ఎవరు ఉంటారో, ఎవరు పోతారో."

"నేను ఉంటాననే భయమండి అందరికీ."

"నోరు మూసుకో. అక్కడ నీకేమన్నా అయితే? చైత్రంలో ఇక్కడే, ఇంతమంది ఉన్న ఇంట్లో, బాత్రూములో పడ్డావు. మణికట్టు ఎంత వాచిందో మర్చిపోయావా?"

"మర్చిపోలేదండి."

"మరి."

"వ్యాన్ హారన్ అనుకుంటా అది. గేటు దగ్గర. చూడండి."

"ఇంత తొందరగా వచ్చేశాడా?"

"లోపల వాళ్ళు బయటికి వచ్చేలోగా ఎక్కెయ్యాలండి. వస్తే అధికం, నిజం మర్చిపోయి ఇద్దరూ కలిసిపోతారు. ఉండమంటారు. ఇద్దరూ ఉండమంటే నేను కాదనలేను. డ్రైవరు మగమనిషి, కుర్చీ తెచ్చి పెడతాడు గానీ మీరే ఎత్తాలి. కారు లోంచి కుర్చీలోకి, కుర్చీ లోంచి వ్యాన్‌లోకి, రెండుసార్లు. నడుము నొప్పి అని తెలుసు. ఇదే ఆఖరండి."

"నన్ను ఎత్తమంటావా?"

"మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంటాను. మీకు బరువు తెలీదు."

"ఆగు."

"వాళ్ళు వచ్చేస్తారండి."

"ఆగమన్నానా. బాత్రూములో ఆ రోజు... నువ్వు జారావని అందరికీ చెప్పావు. నా చెయ్యి పట్టు తప్పిందని నేను నీతో చెప్పాను."

"అవునండి."

"పట్టు తప్పలేదు హైమా. ఎత్తాను. గుమ్మం దాకా తెచ్చాను కూడా. ఆయన హాల్లోంచి కాఫీ ఏదీ అని అరిచారు. ఎందుకో ఇక చాలనిపించింది. వదిలేశాను."

"తెలుసండి."

"ఏం తెలుసు నీకు?"

"నలభై ఏళ్ళుగా ఎత్తించుకుంటున్నాను. పట్టు తప్పే చెయ్యి ముందు వణుకుతుందండి. మీది వణకలేదు."

"తెలిసి కూడా... ఆ తర్వాత పదిహేను రోజులున్నావు ఇక్కడ. రోజుకి నాలుగుసార్లు ఎత్తాను నిన్ను. ప్రతిసారీ నా మెడే ఎలా పట్టుకున్నావే?"

"ఈ ఇంట్లో ఇంకో మెడ ఏదండి, పట్టుకోవడానికి?"