కృపమ్మ దరఖాస్తుకు జవాబు

అమ్మలారా, అయ్యలారా, పని మానుకుని ఈ బొమ్మనహళ్ళి చర్చి హాలు దాకా వచ్చిన మా ఫ్యాక్టరీ అక్కాచెల్లెళ్ళారా! కంపెనీ తరఫున వచ్చిన హెచ్చార్ ఆఫీసరు దీపక్ సార్! కృపమ్మ పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఏడవడానికి వచ్చాం, ఏడుస్తాం. కానీ తొమ్మిదేళ్ళుగా నా కడుపులో ఒక మంట ఉంది. ముందు అది కక్కితే గానీ నా నోట మంచి మాట రాదు.

నేను గోపాలప్పను, కటింగ్ మాస్టరును. టేపు మీది అంకెలు తప్ప నాకు పెద్దగా చదువు రాదు. కానీ బట్ట తెలుసు, మనిషి తెలుసు. ఆరు లైన్ల కుట్టుపని ఒంటిచేత్తో నడిపిన కృపమ్మను మేనేజరుగా ఎందుకు చెయ్యలేదు?

1997లో ఆ కుర్చీ ఖాళీ అయినప్పుడు ఓనరు నన్నే పిలిచి అడిగాడు. నేనేం చెప్పాను? దాచను. "పని ఆయమ్మకే తెలిసుండాది సార్. కానీ ఫారిన్ బయ్యర్లు వస్తారు. ఆ నలుపు, ఆ ఇంగ్లీషు... చూసేదానికి బాగుండదు" అన్నాను. నేనేమన్నా తెల్లగా ఉన్నానా? చూస్తూనే ఉన్నారు గదా! నెల తిరక్కముందే ఆ కుర్చీలో కూర్చోడానికి విమానంలో ఒక తెల్లదొర దిగాడు.

నా మాట ఆమె చెవిన పడింది. మర్నాడు భోజనాల దగ్గర ఎప్పటిలాగే గోంగూర పచ్చడి డబ్బా నా ముందుకు తోసి, "తినండి మాస్టరుగారూ. ఇదీ నల్లగానే ఉంది, చూట్టానికి బాగోదు" అంది. అందరూ నవ్వారు. నేను తల దించుకుని తిన్నాను. పచ్చడి బాగుంది కూడా.

ఇంకొకటి వినండి. టీషర్టు బట్ట చుట్ట విప్పి ఒక రోజు వదులుగా పరిచి ఉంచాలి. బిగువు పోయాకే కత్తెర వెయ్యాలి. దొర "టైము లేదు, కొయ్యి" అన్నాడు. కృపమ్మ అడ్డం నిలబడి, "ఇవాళ కోస్తే ఉతికాక బొడ్డు కనపడుద్ది సార్" అంది. దొరకు అర్థం కాలేదు. నాకు అయింది. అయినా కోశాను, తెల్లవాడు చెప్పాడు గదా! నాలుగు వేల షర్టులు పొట్టివైపోయాయి. తప్పు నా మీదికి తోశారు. "మాస్టరుగారి తప్పు లేదండీ, తొందరపెట్టినోళ్ళదే" అని ఓనరు ముందు చెప్పింది ఎవరు? వాటిని విప్పించి, పిల్లల సైజుకు మళ్ళీ కోయించి, సరుకు ఓడ ఎక్కించింది ఎవరు? మెచ్చుకుంటూ బయ్యరు రాసిన ఉత్తరం ఎవరి పేరున వచ్చింది? దొర పేరున!

"ఓనరు దగ్గరికి పోదాం పదమ్మా" అన్నాను. "నాకోసం మీరు అడగబాకండి. ఆ రోజు వచ్చినప్పుడు నేనే అడుగుతా" అంది.

ఈ మార్చిలో కుర్చీ మళ్ళీ ఖాళీ అయింది. ఆమె అడిగింది. పంతొమ్మిదేళ్ళ పనిని ఒక్క పేజీలో పెట్టి దరఖాస్తు ఇచ్చింది. "నేను పనికిరాకపోతే ఏం తక్కువో రాసి ఇవ్వండి" అని కింద చేర్చింది. గుండె ఆగిపోయే దాకా ఎదురుచూసింది. జవాబు రాలేదు. మొన్న మాత్రం ఇంకో దొర వస్తాడని మేనేజరు గదికి సున్నం కొట్టించారు.

అర్హత చూశాం అంటారు, దీపక్ సార్. చూడండి, నేను వద్దనను. పని తెలిసినవాడు తెల్లవాడైనా దండం పెడతాను. కానీ మీరు చూసింది అర్హతేనా? నా తప్పు నేను పదిమందిలో ఒప్పుకున్నాను. మీ జవాబు కాగితం మీద రాసి, ఇదిగో, ఆమె కూతురు ఎవాంజెలిన్ చేతికి ఇవ్వండి.

ఇక అందరూ లేవండి. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని లేవండి. రెండు నిమిషాలు మాట లేకుండా కృపమ్మను తలుచుకుందాం. దీపక్ సార్, మీరు ఈ రెండు నిమిషాలూ ఆమెకు ఏం తక్కువైందో ఆలోచించండి. వచ్చే శనివారం జూన్ పది. ఆ సాయంత్రం లోపల జవాబు కావాలి.