కాసులమ్మ ఇనప మూకుడు

మూకుడు సంగతా తారక్? కూర్చో, చెప్తాను. 2016 జూన్ తొమ్మిది, గురువారం. పొద్దుటినించీ ఒకటే ఉక్క. మబ్బు పట్టిందిగానీ చినుకు రాల్లేదు. ఆరోజు నర్సమ్మ కుమారి వీధిలో రక్తపరీక్షలు చేసింది. మా మేనత్త కాసులమ్మ కోడళ్ళిద్దరికీ రక్తం తక్కువే. "ఇనప మూకుట్లో వండుకోండమ్మా, పైన నిమ్మకాయ పిండుకోండి" అంది కుమారి. ఇంకేటుంది! అత్త మూకుడు నువ్వు చూళ్ళేదు కదూ, బొగ్గులా నల్లగా, ఎత్తితే భుజం లాగేసేది. సబ్బు తగలనిచ్చేది కాదు. గుడ్డతో తుడిచి, నూనె రాసి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు బోర్లించేది. అంతవరకూ పెద్దకోడలు గంగాభవాని "ఆ మసిముద్ద పాతసామాన్లోడికి పడెయ్యత్తా" అనేది. ఆ సాయంత్రమే వచ్చి "పెద్దకోడల్ని, నీ తరవాత అది నాదే కదత్తా" అంది. చిన్నకోడలు ఇందు ఊరుకుంటుందా? "నన్ను సూడత్తా, పాలిపోయి మల్లిపువ్వునాగున్నాను!" అత్త తీర్పు చెప్పింది: "ఎవులికి ఎక్కువ రక్తం పడితే ఆలదే మూకుడు. పోండి!"

వీధిలో మునగచెట్లకి ఆకు మిగల్లేదంటే నమ్ము. అత్త వంటింట్లో పొద్దున్న ఒకర్తి, సాయంత్రం ఒకర్తి. గంగాభవాని తోటకూరా, ఇందు నువ్వులూ బెల్లమూ. బెల్లమంటే మన అనకాపల్లి బెల్లమే, నల్లటిది. ఈ తెల్లగా మెరిసేది నాకు నచ్చదు, దాన్లో ఏటి కలుపుతారో... సరే, అదలా ఉంచు. మొగుళ్ళిద్దరూ "మేమేటి మేకలమా?" అని లబలబలాడేరు.

శ్రావణంలో కుమారి మళ్ళీ వచ్చింది. ఇద్దరికీ రక్తం సరిసమానంగా పన్నెండు పాయింట్లు! తగువు తెగలేదు. "నువ్వూ వేలు పెట్టు పిన్నీ" అంది కుమారి. "నాకెందుకే, పుట్టి బుద్దెరిగిన కాణ్ణించీ ఇనప మూకుడే" అని దర్జాగా చాపింది అత్త. ఏడు! ఎందుకుండదూ, అన్నం తిని చెయ్యి కడుక్కోకుండానే గ్లాసుడు టీ పట్టించేది. "టీ తాగితే తిన్న ఇనుమంతా దండగ పిన్నీ" అంది కుమారి. "మూకుడైనా వదుల్తాను గానీ టీ వదల్ను!" ఇంక కోడళ్ళు తగువు మానేసి, భోజనాలవేళ టీపొడి డబ్బా దాచడంలో ఏకమైపోయేరు.

అలాగే రెండేళ్ళు లాక్కొచ్చి, పోయేముందు పంచింది. ఇల్లు కొడుకులకి. గంగాభవానికి రోలు, ఇందుకి ఇత్తడి బిందె. "మూకుడో అత్తా?" అన్నారిద్దరూ. "పన్నెండున్నోళ్ళకి మూకుడెందుకే? ఆ కుమారికియ్యండి. ఊరందరి రక్తం సూత్తాది, దాని మొకం సూడండి, సున్నం కొట్టిన గోడ!" పాపం కుమారి ఎత్తలేకపోయింది. కోడళ్ళే చెరో చెవీ పట్టుకుని, దారంతా అత్తని తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ, కుమారి ఇంట్లో దింపొచ్చేరు.

నాకేటిచ్చిందంటావా? మేనల్లుణ్ణి కదా అని గుమ్మంలోనే నిలబడ్డాను. ఏమీ లేదు.