1104 తలుపు తీసింది ఎవరు

నా పేరు వేమూరి పద్మనాభం. వయసు అరవై ఎనిమిది. మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యాను. ఉండేది నార్త్ కరోలినాలోని క్యారీలో. ఇంగ్లీషు బాగానే వచ్చు. అయినా దుభాషిని పెట్టించి తెలుగులో చెబుతున్నాను. ఇంగ్లీషులో తప్పించుకునే మాటలు నాకు చాలా తెలుసు. మొదటిసారి డిటెక్టివ్ గారికి అవే చెప్పాను.

జెర్సీ సిటీలో పదకొండో అంతస్తులోని 1104 నంబరు ఫ్లాటు పంతొమ్మిదేళ్ళు మాది. స్థలం వేరేవాళ్ళది, మాది లీజు హక్కు. 2024 జూన్ 28న దాన్ని రేణు అనే అమ్మాయికి అమ్మాను. లీజు బదిలీ నోటీసు పంపాను. పార్కింగ్ స్టిక్కరు, పోస్టు పెట్టె తాళంచెవి అప్పగించాను. ఒక్కటి మిగిలింది. కింద గేటు దగ్గర బోర్డు మీద నా పేరు పక్కన మీట నొక్కితే నా సెల్‌ఫోను మోగుతుంది. నేను తొమ్మిది నొక్కితే గేటు తెరుచుకుంటుంది. అది తీయించాలంటే ఒక ఫారం పంపాలి. రేణు ఆ రోజే అడిగింది.

"అంకుల్, డోర్ ఫోన్‌లోంచి మీ నంబర్ వెంటనే తీయించేయండి, ప్లీజ్."

సోమవారానికల్లా అయిపోతుందమ్మా అన్నాను.

ఫారం కారులోనే ఉండిపోయింది. మరిచిపోలేదు. నా భార్య హైమ రెండుసార్లు గుర్తుచేసింది కూడా. పార్సిల్ వాళ్ళు మీట నొక్కినప్పుడల్లా క్యారీలో కూర్చుని తొమ్మిది నొక్కేవాణ్ణి. ఇంకా మా ఇంటికే ఎవరో వస్తున్నట్టుండేది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకది బాగుండేది.

సెప్టెంబరు 14, శనివారం, సాయంత్రం 4 గంటల 40 నిమిషాలకు ఫోను మోగింది. అప్పుడు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను.

"నమస్తే అంకుల్, మన తెలుగు పేరు చూసి నొక్కాను. రేణు వాళ్ళ కజిన్‌ని. తను ఫోన్ ఎత్తట్లేదు. ఫ్లాట్ ఏదో చెప్తారా?"

మనవాడు, అంకుల్ అన్నాడు, ఇంకేం అడుగుతాం? మా ఫ్లాటే కొనుక్కుందని, 1104 అని, లిఫ్టు దిగి ఎడమవైపు మూడో తలుపని చెప్పాను. ఏ ఊరు బాబూ అని అడిగాను. ఖమ్మం అన్నాడు. ఊరు అడిగాను గానీ పేరు అడగలేదు. తొమ్మిది నొక్కాను.

అతను రేణు మాజీ భర్త. ఆమె దగ్గరికి రాకూడదని కోర్టు ఆర్డరుందట. నాకది తెలియదు, నిజం. ఆమె అడిగితే చేస్తానని చేయలేదు, అదీ నిజం. ఆమె ఎడమ మణికట్టు రెండుచోట్ల విరిగింది. పక్క ఫ్లాటువాళ్ళు పరిగెత్తుకు రాకపోతే ఏమయ్యేదో తలుచుకోలేను.

మర్నాడు డిటెక్టివ్ గారు అడిగితే నాకు ఏ ఫోనూ రాలేదన్నాను. భయపడ్డాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు 16న ఆ ఫారం పంపాను. ఆ రోజుకి నా నంబరు ఇంకా 1104 కిందే ఉంది కాబట్టి, బిల్డింగు రికార్డులో 1104 వాళ్ళే గేటు తెరిచారని ఉందట. రేణే అతన్ని ఇంటికి పిలిచిందని అతని లాయరు అంటున్నాడట. అది నిలిస్తే అతను బయటికొస్తాడు. హైమ నా ఫోనులో ఆ కాల్ తీసి నా ముందు పెట్టింది.

ఆ ఫోనును మీకు అప్పగిస్తున్నాను. రేణు ఎవరినీ పిలవలేదు. గేటు తీసింది ఆమె కాదు, నేను. దారి చెప్పింది కూడా నేనే.

రాసింది నాకు తెలుగులో చదివి వినిపించారు. ఎవరి బలవంతమూ లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

(సంతకం) వేమూరి పద్మనాభం