అక్క జబ్బు, బావ ఒప్పుకున్న తప్పు

ఆ కవరు వెనక్కి దాస్తావేమిటే, మందుల షాపు కవరని నాకు తెలీదా? కళ్ళు తగ్గాయి గానీ మరీ అంత తగ్గలేదు. ఏదీ, ఇలా తే. ట్యూబా. దేనికి? దురదా? ఎక్కడ? ఆఁ, సరే సరే, మొహం అలా పెట్టకు, అర్థమైంది. ఎవరిచ్చారు, షాపువాడేనా? చూడకుండానే? అవున్లే, షాపువాడు చూడటమేమిటి, నా మతి మండ. మీ పెద్దమ్మమ్మ కూడా అచ్చం ఇలాగే, మొదట షాపుకే వెళ్ళింది. అదేనే, మా అక్క. నీకెక్కడ గుర్తుంటుంది, నువ్వు పాకే రోజుల్లోనే పోయింది. ఆవిడకొచ్చిన జబ్బు గురించి మీ అమ్మక్కూడా నేనెప్పుడూ చెప్పలేదు. ఎలా చెబుతాం, పేరు పెట్టి పిలవలేని చోట వచ్చిన జబ్బాయె. కూర్చో. నాక్కూడా దాని మొదలూ చివరా ఇప్పటికీ సరిగ్గా అంతుపట్టలేదు, చెబుతుంటే నీకేమైనా తెలుస్తుందేమో.

అక్కది టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఉద్యోగం. అప్పట్లో ఫోనెత్తితే ముందు ఒక మనిషి పలికేది, "ఏ నంబరు కావాలండీ" అని. ఆ మనిషి తీగ తీసి రంధ్రంలో గుచ్చితేనే అవతల మోగేది. ఒకే వరసలో పన్నెండుమంది ఆడవాళ్ళు, ఎత్తు కుర్చీలు, చెవులకి తగిలించుకునేవి, వెనకాల చేతులు కట్టుకుని తిరిగే సూపర్‌వైజరమ్మ. ఎనిమిది గంటలు కుర్చీ దిగకూడదు. అక్క గొంతు ఎంత బావుండేదంటే కొంతమంది తప్పు నంబరు చెప్పి మళ్ళీ అడిగేవాళ్ళట, ఇంకోసారి విందామని. బావ దూరం వెళ్ళే బస్సుకి డ్రైవరు. మాట తక్కువ. డిపోలో అందరూ "మూగ హారన్" అనేవాళ్ళు. ముందు గేదె అడ్డం పడుకున్నా హారన్ కొట్టకుండా అది లేచేదాకా కూర్చునే రకం. పిల్లల్లేరు. ఆ ఇద్దరికీ ఒకరికొకరే.

అక్కకి యాభై దాటింది. యాభై ఒకటో రెండో, అప్పటికి నెలసరి ఆగిపోయి ఏడాదైనట్టుంది. అప్పుడు మొదలైంది దురద. ముందు సబ్బనుకుంది, మార్చింది. లోపలి బట్టలనుకుంది, అన్నీ పారేసి మెత్తటి నూలువి కొనుక్కుంది. ఎండాకాలం కదా, చెమటనుకుంది, చలికాలమొచ్చినా పోలేదు. నాతో ఏమనేదో తెలుసా? "ఒక చేత్తో తీగ పట్టుకుంటానే, రెండో చేత్తో కుర్చీ అంచు పట్టుకుంటా, లేకపోతే ఆ చెయ్యి నా మాట వినదు" అనేది. పన్నెండుమంది మధ్య ఎలా గోక్కుంటుంది? పళ్ళు బిగబట్టి "ఏ నంబరు కావాలండీ" అనేది. షాపులో ట్యూబిచ్చారు. రెండు రోజులు చల్లగా ఉంది, మూడో రోజు నిప్పు. తర్వాత ఒక లేడీ డాక్టరు. ఆవిడ బల్ల అవతల నుంచే, "ఆడవాళ్ళకిది మామూలేనమ్మా, ఈ మాత్రలు వాడు" అని రాసేసింది. అవీ అయ్యాయి. తర్వాత ఇంకొకాయన. ఆయన తర్వాత పెద్దాసుపత్రా, పెద్దాసుపత్రి తర్వాత ఆయనా? ఏమోనే, వరస మర్చిపోయాను. పెద్దాసుపత్రి మాత్రం ఎప్పటికీ మర్చిపోను, పక్కనే ఉన్నాగా.

అక్కడి డాక్టరు తల పైకెత్తలేదు. "పుండ్లు పడుతున్నాయా?" "గోకితే చీలుతోందండీ." "తెల్లమచ్చలా?" "నేను చూసుకోలేదండీ." "మీవారేం చేస్తారు?" "బస్సు డ్రైవరండీ. దూరం సర్వీసు." అప్పుడు తలెత్తాడు మహానుభావుడు. తలెత్తి, "ఓహో" అన్నాడు. ఆ రెండక్షరాలే కొంప ముంచాయి. రక్తపరీక్షలు రాశాడు, ఇద్దరికీ. అందులో ఏమీ లేదని వచ్చింది. వస్తే మానెయ్యాలి కదా? "పరీక్షలో కనపడకపోయినా కొన్నిసార్లు ఉంటుంది, ఎందుకైనా మంచిది, ఇద్దరూ ఇంజక్షన్లు చేయించుకోండి" అన్నాడు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ అక్క నాతో అంది, "ఏ తప్పూ చేయనిదాన్ని, తప్పు చేసినవాళ్ళ ఇంజక్షన్ నేనెందుకు చేయించుకోవాలే?" అని.

ఇక చూడు గొడవ. గొడవంటే అరుపులు కావు, అక్క అరవదు. అడిగిందే అడిగేది. "ఎవరండీ ఆవిడ?" బావ మాట్లాడడు. "ఏ ఊరు?" మాట్లాడడు. మొదట్లో "ఎవరూ లేరు" అని ఒకటి రెండుసార్లు అన్నాడట, తర్వాత అదీ మానేశాడు. అక్కేమో ఇంజక్షన్ వేయించుకోదు. నడుస్తుంటే కాళ్ళు ఎడంగా పెట్టి నడిచేది, మనిషి సగమైంది. బావ మాత్రం తన ఇంజక్షన్లు తను చేయించుకున్నాడు, నోరెత్తకుండా. అది కూడా తప్పుగానే కనపడింది అక్కకి. "చూశావా, తప్పు లేకపోతే ఎందుకు చేయించుకుంటాడు?" చేయించుకోకపోతే ఇంకోటి అనేది అనుకో.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళింట్లోనే ఉన్నా. టీ తాగిన కప్పులు వంటింట్లో కడుగుతున్నా. ముందు గదిలోంచి బావ గొంతు వినపడింది. ఆ గొంతు వినపడటమే వింత, కుళాయి కట్టేశాను. "ఉంది" అన్నాడు. "ఒకామె ఉంది. అవతలి ఊరి డిపో ఎదురుగా ఇల్లు. ఎడమ చేతి వాటం. ఇప్పుడు లేదు, మానేశాను. చాలా? తప్పు నాది. ఇక వెళ్ళి ఇంజక్షన్ చేయించుకో." స్టేజీల పేర్లు చదివినట్టు చదివాడే, ఎక్కడా తడబాటు లేదు. అక్క ఏడవలేదు. లేచి, తలుపు దగ్గరున్న చెప్పులు తొడుక్కుని, నన్ను పిలిచి, "పద" అంది. ఆ రోజే మొదటి ఇంజక్షన్.

తగ్గిందా అంటావా? తగ్గడానికి అది ఆ జబ్బైతేగా! కానీ బావ మంచం ముందు గదిలోకి వెళ్ళిపోయింది. ఆరేళ్ళు. ఏడేమో. ఆ ఇంట్లో మాటలన్నీ గోడకే. "స్నానానికి నీళ్ళు కాగాయని చెప్పాలి" అని గోడకి అక్క. "రేపు పొద్దున్నే డ్యూటీ అని తెలియాలి" అని గోడకి బావ. మధ్యలో నేను వెళితే ఇద్దరూ నాతో మాట్లాడేవాళ్ళు, నేనొక గోడనన్నమాట. నవ్వు, ఫరవాలేదు, నాకూ నవ్వొచ్చేది, ఇంటికెళ్ళాక ఏడుపొచ్చేది. దురదకి ఇక డాక్టర్లని మానేసింది. "ఇది నా మొగుడిచ్చిన సొత్తు, నాతోనే పోతుంది" అనేది.

మరి అసలు డాక్టరు దగ్గరికి ఎలా వెళ్ళాం? నా వల్లే. బట్టలుతికే పొడితో నా చేతులు పగిలిపోతే ఒక చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బక్కపల్చటి ఆవిడ, కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకునేది. నా చేతులు తిప్పి తిప్పి చూస్తుంటే నా నోరు ఊరుకోలేదు, మా అక్కకిలా అని చెప్పేశాను. ఆవిడేమందో తెలుసా? "చర్మం ఎక్కడున్నా చర్మమేనమ్మా. చేతి మీదదైతే చాపి చూపిస్తారు, అక్కడిదైతే దాచుకుంటారు. తీసుకురండి" అంది. తీసుకెళ్ళడానికి రెండు నెలలు పట్టింది నాకు, బతిమాలి, తిట్టి, చివరికి నాకే బాగాలేదు తోడు రమ్మని అబద్ధమాడి.

"ఇంతకుముందు ఎవరైనా చూశారా?" అని అడిగింది డాక్టరు. "ముగ్గురు చూశారండీ." "చూశారా, రాశారా?" అక్క చిన్నగొంతుతో, "రాశారండీ" అంది. అప్పుడా డాక్టరు తెర లాగింది, దీపం దగ్గరికి జరుపుకుంది, చూసింది. ఎంతసేపనుకున్నావు? టీ చల్లారేంత సేపు కూడా కాదు. చేతి అద్దం ఒకటి అక్కకిచ్చి, "మీరూ చూసుకోండి, మీ ఒళ్ళే కదా" అంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, తన ఒళ్ళు తను మొదటిసారి చూసుకుందే! కాగితం నలిపి మళ్ళీ సాపు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉందట, తెల్లగా, పల్చగా. దానికేదో పొడుగాటి పేరు చెప్పింది, నాకు నోరు తిరగదు. "ఇది అంటుజబ్బు కాదు. ఎవరూ తెచ్చింది కాదు, ఎవరికీ ఇచ్చేది కాదు. ఒంటిని కాపాడాల్సిన బలగమే పొరపాటున మన చర్మం మీద పడుతుందని అనుకుంటున్నాం, ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు. నెలసరి ఆగాక ఎక్కువగా వస్తుంది" అంది. అక్క అద్దం ఇంకా పట్టుకునే ఉంది. "ఎవరూ తెచ్చింది కాదా?" అని అడిగింది. "కాదమ్మా." "మా ఆయన బస్సు డ్రైవరండీ." "విమానం నడిపినా కాదు" అంది ఆవిడ.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది, ఎందుకైనా మంచిదని. ఇదీ ఎందుకైనా మంచిదే, కానీ చూశాక. అదేనని వచ్చింది. గట్టి మందున్న ఆయింట్‌మెంటు, ఎంత రాయాలో వేలి మీద గీత పెట్టి చూపించింది, కొన్నాళ్ళు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. సబ్బు తగలనివ్వొద్దంది. "దురద పోయిందని మానెయ్యకండి, ఏడాదికోసారైనా వచ్చి చూపించుకోండి, వదిలేస్తే ఎప్పుడో ఒకప్పుడు పుండై ముదిరే ప్రమాదం కొద్దిగా ఉంది" అంది. మూడు వారాలకి దురద లేదు. ముడుచుకుపోయిన చర్మం మళ్ళీ మామూలు కాలేదు గానీ దురద లేదు. ఉద్యోగం దిగిపోయే ముందు ఆఖరి నెల, కుర్చీ అంచు పట్టుకోకుండా కూర్చుందట.

అయిపోయింది కదా, కథ కంచికి అనుకుంటాం. అక్కడే నాకు తికమక. అక్క ఇంటికెళ్ళి బావ ఎదురుగా నిలబడింది, గోడకి కాదు, మనిషికే చెప్పింది. "ఇది మీరు తెచ్చింది కాదట." బావ "అట్లాగా" అన్నాడు. "మరి ఎందుకు ఒప్పుకున్నారు?" "ఇంజక్షన్ వేయించుకోవడం లేదుగా నువ్వు" అన్నాడు. "అంటే ఆవిడ లేదా?" బావ వెళ్ళి బూట్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మరి లేని మనిషికి ఎడమ చేతి వాటం ఎందుకు పెడతాడే? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. అబద్ధమాడేవాడు అంత వివరం ఆలోచిస్తాడా? ఆలోచించే రకం కాదు మా బావ. పోనీ నిజమే అనుకో, ఆరేళ్ళు పెళ్ళాం ముఖం చూడకపోతే అంత నిశ్శబ్దంగా పడి ఉంటాడా? తప్పు చేసినవాడూ పడుంటాడు, చేయనివాడూ పడుంటాడు. ఎటు తిప్పినా సరిపోతోంది.

మంచం మళ్ళీ లోపలికొచ్చింది. అక్కే ఒక పక్క పట్టుకుని లాగింది. బాగానే ఉన్నారు, కలిసి కూరగాయలకి వెళ్ళేవాళ్ళు. కానీ అక్క నాతో అనేది, "పొద్దున నిజమనిపిస్తుందే, సాయంత్రం అబద్ధమనిపిస్తుంది. పొద్దున కోపంతో టీ ఇస్తాను, సాయంత్రం సిగ్గుతో ఇస్తాను. ఆయన రెండూ ఒకేలా తాగుతాడు" అని. బావ ముందు పోయాడు, నిద్రలోనే, ఏమీ చెప్పకుండానే. అక్క ఇంకో నాలుగేళ్ళు ఉంది. ఆ జబ్బుతో పోలేదు, గుండెతో పోయింది.

ఆసుపత్రిలో మంచం పక్కన నేనున్నా. చెయ్యి పట్టుకుని అడిగింది, "నువ్వు విన్నావుగా ఆయన గొంతు. నీకేమనిపించింది? నిజంగా ఉందా ఆవిడ?" నేను ఓదారుద్దామనుకున్నా. లేదక్కా, బావ బంగారం అందామని నోరు తెరిచా. అంతలో తనే అంది, "ఉంటే బావుణ్ణే. లేకపోతే ఆరేళ్ళు నేను చేసిందేమిటి?" అని. నా నోట్లోంచి "ఉంది అక్కా, నిజమే చెప్పాడు, నాకు తెలిసింది" అని వచ్చేసింది. "హమ్మయ్య" అంది. అని కళ్ళు మూసుకుంది. మొగుడు తప్పు చేశాడని చెబితే హమ్మయ్య అన్న ఆడదాన్ని ఎక్కడైనా చూశావా నువ్వు? నాకేం తెలుసనే? నాకేమీ తెలీదు. అక్కకి శాంతినిచ్చానా, పోయిన మనిషి మీద, ఏ పాపం తెలియని మనిషి మీద, ఇంకోసారి నింద వేశానా...

ఏమో. చినుకులు పడుతున్నట్టున్నాయి, వెళ్ళి ఆ బట్టలు తియ్యి.