పట్నానికెళ్లిన కొండజ్వరం

అది పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిది, వానాకాలం. అరకు సంతలో ఉప్పు అమ్ముకుని శృంగవరపుకోటకి తిరిగెళ్తున్న సన్యాసిరావు, వాన పట్టుకుంటే మంగ్లు ఇంటి అరుగెక్కాడు. ఎక్కినవాడు ఊరుకోక, "మీ కొండల్లో చలిజ్వరం తప్ప ఏటి పండుతాదయ్యా?" అన్నాడు. అరుగు మీదే కూర్చున్న పక్కింటి ముసలి సుక్రు తల దించుకున్నాడు. మంగ్లు దించుకోలేదు. లోపల అతని పెళ్లాం సోములమ్మ సామలు దంచుతోంది.

"అలాగనకు సావుకారూ. ఆ జ్వరం కోసవే పోయినేడు పట్నం డాక్టరు గుర్రమెక్కి, ఘాటీ దాటి నా గుమ్మంలోకొచ్చినాడు. నాను రమ్మన్నానా? నేదు. ఆడే వొచ్చినాడు. వొచ్చి దండం కూడా ఎట్టినాడు."

"ఎందుకేటి?"

"ఒక ఎస్టేటు దివానుగారికి బుర్ర జబ్బు. సేతులు వొణుకుతున్నాయి, కాళ్లు తడబడతన్నాయి, మాట ముద్దైపోనాది, పైగా నాను ఢిల్లీ పాదుషానంటన్నాడు. దొరల సీమలో ఎవరో కొత్తగా కనిపెట్టినారంట. అలాటోడికి చలిజ్వరం ఎక్కించి కొన్నాళ్లు ఒళ్లు కాగనిస్తే, ఆ వేడికి బుర్రలో పురుగు సచ్చిపోద్దంట. తర్వాత క్వినైను పోసి జ్వరం దించేత్తారంట."

"అది నిజవే. పేపర్లో సదివినాను," అన్నాడు సన్యాసిరావు.

"నిజం కాపోతే నాను సెప్తానేటి? ముందు మీ మైదానం జ్వరం ఎక్కించి సూసినారు. దివానుగారు ఒక తుమ్ము తుమ్మి ఊరుకున్నాడు. అప్పుడు మన్నెం జ్వరవే కావాలని నన్ను డోలీ ఎక్కించినారు. మోసినోళ్లెవరనుకున్నావు? మన నెత్తిన మూటలెట్టే అడివి గార్డులే."

"ఆళ్లేనా?" సుక్రు తలెత్తాడు.

"ఆళ్లే. బేగి నడండ్రా అని అదిలించినాను కూడాను. ఆసుపత్రిలో నా సేతికి సూది గుచ్చి, ఒక్క సుక్క తీసి దివానుగారికెక్కించినారు. ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? ఆయన వొణికినాడు, ఆయనతో మంచం, మంచంతో గోడ, గోడతో ఆసుపత్రంతా వొణికినాది. రేవులో ఓడలు ఊగిపోతంటే తుఫానని జెండా ఎత్తీసినారు. తెల్లారేసరికి దివానుగారు లేచి కూకుని, పెళ్లాం పేరూ పిల్లల పేర్లే కాదు, తను భూములు లాక్కున్న రైతుల పేర్లు కూడా గడగడా సెప్పీసినాడు."

"అంత జ్వరం నీ ఒంట్లో ఎలాగ ఆగినాది?" అన్నాడు సన్యాసిరావు.

"కొండోణ్ణి గదా, ఆపినాను. ఇంకా నెత్తురు సీసాల్లో పట్టి, సీసాలకి తోడు నన్నూ సీమకి ఓడెక్కించినారు. ఆ సీసాల వేడికి సముద్రం కాగి సేపలు ఉడికి తేలిపోతంటే, దారి పొడుగునా ఓడోళ్లు పొయ్యి రాజెయ్యనేదు. అక్కడ పిచ్చాసుపత్రులన్నీ ఖాళీ. దొరలంతా వరసగా నిలబడి, మంగ్లుగారూ ఇక్కడే ఉండిపొండి అన్నారు. నానన్నాను, మా సేత వెట్టి సేయిస్తారు, మా అడివిలో మమ్మల్ని కట్టె కొట్టనివ్వరు, మా నీళ్లు తాగితే సస్తామంటారు, ఇయ్యాళ మా జ్వరం నేందే మీ బుర్రలు బాగుపడవు, ఇకనించి మా ఘాటీ ఎక్కినోడు సెప్పులిప్పి ఎక్కాల అన్నాను."

లోపల రోకలి ఆగింది. సోములమ్మ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"సావుకారూ, ఆ జ్వరం నాది. ఈయన ఒంటికి జ్వరవే తెలీదు. ఆసుపత్రిలో డాక్టరు నాకు సూది గుచ్చుతుంటే సూసి ఈయన గుమ్మంలో పడిపోనాడు. కాంపౌండరు మొకాన నీళ్లు కొట్టి లేపినాడు."

"ఆ గచ్చు జారుడు," అన్నాడు మంగ్లు.

సన్యాసిరావు నవ్వు ఆపుకుని ఆమె వైపు తిరిగాడు. "మరి దివానుగారు బాగయినాడా?"

"కొంత. వొణుకు తగ్గినాది, పెళ్లాన్ని పోల్చుకున్నాడు. నడక మాత్రం తిన్నగా రానేదు. ఆయన జ్వరం దించడానికి క్వినైను పోసినారు. మరి నాకో అన్నాను. మీకు అలవాటే గదా, ఇంటికి పో అన్నాడు డాక్టరు. నాను పోనేదు. దివానుగారి గది గుమ్మానికి అడ్డంగా కూకున్నాను. నెత్తురిచ్చినప్పుడు కావాల్సినదాన్ని, ఇప్పుడెలాగ అక్కర్నేకపోనానో సెప్పమన్నాను. డాక్టర్ని దాటనివ్వనేదు, గంజి తెచ్చినోణ్ణి దాటనివ్వనేదు. మా ఊరందరికీ సరిపడా మందిచ్చినాకే లేచినాను."

సుక్రు మెల్లగా అన్నాడు. "ఆ మందుతోనే మా మనవరాలు బతికినాది."

సన్యాసిరావు మంగ్లుని అడిగాడు.

"ఇంత సంగతుంటే, అదొదిలేసి ఓడలూ సేపలూ అంటావేటయ్యా?"

"ఓడలూ సేపలూ అంటే నమ్మినా నమ్ముతారు సావుకారూ," అన్నాడు మంగ్లు. "కొండ ఆడది డాక్టరుకి అడ్డం కూకుందంటే ఎవుడు నమ్ముతాడు?"