ఒంటిగంటన్నర మంట

అబ్బే, పొలం రికార్డులో ఆ రెడ్ ఎంట్రీ అప్పుడే వేసెయ్యకండి మేడమ్. రెండు నిమిషాలు. అది పడిందంటే హుకుంసింగ్ తావూ రెండు పంటల దాకా మండీలో గింజ అమ్ముకోలేడు, మీకు నేను చెప్పాలా. గడ్డి తగలబెట్టినందుకు శిక్ష. సరే, కాదనను. కానీ తగలబెట్టినవాడికి కదండీ వెయ్యాలి.

కూర్చోమంటారా? వద్దులెండి. కూర్చుంటే మళ్లీ ధైర్యం చాలదు.

నా పేరు పెద్దిరాజు. పల్వల్ రోడ్డులో వరిగడ్డితో బస్సులకి గ్యాస్ తీసే ప్లాంటు ఉంది చూడండి, అందులో గడ్డి సేకరణ నాది. బయట బోర్డు మీద అనూహ్య అని చూసి ప్యూన్ని అడిగాను, తెలుగావిడేనా అని. మాది రామచంద్రపురం. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో నేనూ మూడేళ్లు సివిల్స్‌కి చదివాను. మీకొచ్చింది, నాకు రాలేదు. పోనీలెండి, ఇప్పుడది కాదు.

తావూ అంటే ఇక్కడ పెదనాన్న. ఊరంతా అలాగే పిలుస్తారు, నేనూ అంతే. ఏటా గడ్డి కాల్చే మనిషే. ఈసారి వద్దని బతిమాలింది నేను. "మాకిచ్చెయ్యి తావూ, మిషనుతో కట్టలు కట్టి పది రోజుల్లో ఎత్తుకుపోతాం" అన్నాను. మనవరాలు ఈ పొగకి దగ్గుతూ మంచం పడుతోందని ఒప్పుకున్నాడు. కాగితం రాయించుకోలేదు. చెయ్యి కలిపాడు, అంతే.

కట్టలు కట్టాం. మూడు వందల పైన, పొలం నిండా. సరిగ్గా ఆ వారమే ప్లాంటు చూడ్డానికి పెద్దవాళ్లు వస్తున్నారన్నారు. గ్యాస్ ఎక్కువ చూపించాలని ట్యాంకులో రెట్టింపు గడ్డి వేశారు. వేశారేమిటి, పంపింది నేనే కదా. లోపల పనిచేసేది పేడలోంచి వచ్చిన సూక్ష్మజీవులండీ, మిషను కాదు. తినగలిగినంతే తింటాయి. ట్యాంకు మొత్తం పులిసిపోయింది, గ్యాస్ ఆగిపోయింది. బాగయ్యేదాకా ఒక్క కట్ట కూడా లోపలికి రానివ్వొద్దని గేటుకి తాళం వేశారు.

రోజూ పొద్దున్న ఏడింటికి ఫోను. "బేటా, గాడీ?" బండి ఏదీ అని, ఆ రెండు మాటలే. తిట్టినా బాగుండేది, తిట్టడు. "రేపు తావూ" అనేవాణ్ణి. అలా పధ్నాలుగు రేపులు చెప్పాను మేడమ్. వేరే ప్లాంట్లని అడిగాను, వాళ్ల దగ్గరా చోటు లేదు. చుట్టూ పొలాల్లో గోధుమ మొలకలొచ్చేశాయి. ఈయన పొలంలో మాత్రం మా కట్టలు. కొడుకు అగ్గిపెట్టె తెస్తే లాక్కున్నాడట, మాటిచ్చానురా అని.

ఇప్పుడు మీ కాగితం చూడండి. శాటిలైటుకి మంట కనిపించింది ఎన్నింటికి? ఒంటిగంటన్నర. రాసుందా? ఈ చుట్టుపక్కల రైతు ఎవడైనా ఆ టైముకి ముట్టిస్తాడా? శాటిలైటు దాటిపోయాక, నాలుగింటి తర్వాతే ముట్టిస్తారు. బడి పిల్లల్ని అడిగినా చెప్తారు. నలభై ఏళ్లుగా సేద్యం చేస్తున్న తావూకి తెలీదా? ఆ శాటిలైటు లెక్క తట్టనివాడెవడో వెళ్లాడు. అందరూ రోటీ తినడానికి ఇళ్లకి పోతారు, ఎవరూ చూడరు అనుకున్నవాడు.

నేనే మేడమ్.

పైన కరెంటు తీగలున్నాయి, వాటివల్ల అంటుకుందనుకుంటారు, ఆయన గోధుమ చల్లుకుంటాడు, పొద్దున్నే ఆ ఫోను రాదు. ఇంతే ఆలోచించాను. కాల్చొద్దని ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి, నా చేత్తో నేనే ముట్టించాను. ఎంత సిగ్గుగా ఉందో మీకు చెప్పలేను.

ఆయనకి తెలుసండీ. నా మెడలో ఐడీ కార్డు ఆ గట్టు మీదే పడిపోయింది. మర్నాడు ప్లాంటు గేటు దగ్గరికొచ్చి నా చేతిలో పెట్టాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. తర్వాత పట్వారీ అడిగితే, నా పొలం, నాదే బాధ్యత అన్నాడట. ఈ మూడు రోజులూ ఏడింటికి ఫోను పట్టుకుని కూర్చుంటున్నాను. రావట్లేదు.

రాసుకోండి మేడమ్. పెద్దిరాజు, తండ్రి నాగభూషణం. పొలం నంబరా? నా పేరున సెంటు భూమి లేదు. మీ రెడ్ ఎంట్రీ ఎక్కడ వేస్తారో మీరే చూసుకోండి.